తీగ అవతల ఎవరని అడిగిన మనిషి

పొద్దున్న ఏడు కూడా కాలేదు. ఫోను ఎలాగూ చేతిలోనే ఉంది. తెర మీద ‘సొసైటీ ఆఫీసు’ అని వెలిగింది. ఉప్పలగుప్తంలోని మా రొయ్యల రైతుల సొసైటీ నుంచి ఆ వేళకి ఫోను వచ్చిందంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే, సర్వరుకి ఏదో అయింది. హలో కూడా అనకుండా, “ఏ అడాప్టరు పోయింది లోవరాజుగారూ? వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసి చెప్పండి” అని కసిరాను.

“లైట్లు వెలుగుతున్నాయండి. సర్వరు బాగానే ఉందండి. మీ మావయ్యగారే పోయేరండి” అన్నారు లోవరాజు.

అంత ఘోరమైన వార్త మోసుకొచ్చిన మనిషిని నేను కసురుకున్నాను. ఆ సిగ్గూ, ఆ దిగ్భ్రాంతీ రెండూ నన్ను ఇంకా వదల్లేదు. హైదరాబాదు నుంచి అమలాపురం చేరేసరికి సాయంత్రమైంది. మావయ్య పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పేపరు రెండో పేజీ తిప్పుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. అనాయాస మరణం, పుణ్యాత్ముడు అని వచ్చినవాళ్లంతా అత్తయ్యని ఓదారుస్తున్నారు. ఆర్నెల్లుగా ఛాతీలో నొప్పి వస్తోందని, డాక్టరు దగ్గరికి వెళ్లమంటే ‘చూద్దాంలే’ అంటూ దాటవేశారని ఆవిడ నాకు అప్పుడు చెప్పింది. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఈ ఒక్క విషయంలో మావయ్యని నేను క్షమించలేను. మిగతా అన్ని విషయాల్లోనూ ఆయనకి రుణపడి ఉన్నాను కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆయన్ని ఎరిగినవాళ్లు నా తప్పులుంటే దిద్దండి. ఎరగనివాళ్లు ఎరగండి.

సూరిబాబు మావయ్య మా అమ్మకి అన్నగారు. వరిచేలూ కొబ్బరితోటా ఉన్న ఇంట్లో పుట్టి, అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ముందు లెక్కలూ తరవాత కంప్యూటర్లూ చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లూ, వాళ్ల పిల్లలూ కూడా ఆయన్ని మేస్టారనే పిలిచేవారు. రిటైరైన నెలకే సొసైటీవాళ్లు వచ్చి, మా సర్వరు మాట వినడం లేదు, కాస్త చూడండి మేస్టారూ అన్నారు. కాస్త చూద్దామని వెళ్లిన మనిషి చివరి రోజు వరకూ చూస్తూనే ఉన్నారు.

ఆ పని ఏమిటో చెప్పకపోతే ఆయన ఏం చేశారో అర్థం కాదు. రొయ్యల చెరువులో ప్రాణవాయువు పడిపోతే రొయ్య ఊపిరాడక నీటి మీదికి తేలుతుంది. ఆలస్యమైతే పంట మొత్తం ఒక్క పూటలో పోతుంది. అందుకని ప్రతి చెరువులోనూ ఒక మీటరు పెట్టారు. అది చెప్పే అంకె గాలిలో రేడియో ద్వారా రోడ్డు పక్క టవరుకి, అక్కణ్ణుంచి తీగ ద్వారా సొసైటీ ఆఫీసులోని సర్వరుకి వస్తుంది. అంకె తగ్గగానే సర్వరు రైతుకి ఫోను చేస్తుంది, రైతు పరుగెత్తి నీళ్లు చిమ్మే ఏరియేటర్లు వేస్తాడు. సర్వరుకి రెండు తీగలు. ఒకటి చెరువుల టవరు నుంచి వచ్చేది, రెండోది ఆఫీసు కంప్యూటర్లకీ బయటి ఇంటర్నెట్టుకీ వెళ్లేది. తీగ దూరే చోట లోపల ఉండే కార్డునే నెట్‌వర్క్ అడాప్టరు అంటాం. నువ్వు చెరువుల వైపు, నీ అడ్రసు ఇది, అని ప్రతి అడాప్టరుకీ చెప్పాలి. తప్పు చెబితే లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, యంత్రం ఆరోగ్యంగానే ఉంటుంది, చెవులు మాత్రం పనిచేయవు. ఆ అడ్రసుల్ని ఎప్పటికప్పుడు చేత్తో పెట్టకుండా యంత్రమే చదువుకుని పెట్టుకునేలా వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలే స్క్రిప్టు. మావయ్య రాసింది నలభై రెండు వరసల స్క్రిప్టు. ఆయన విద్వత్తంతా, స్వభావమంతా ఆ నలభై రెండు వరసల్లో ఉంది.

అది పుట్టింది దసరా పుణ్యమా అని. సొసైటీ ఆఫీసు తెరిచిన రోజు నుంచీ లోవరాజుగారే తలుపు తీస్తారు, ఊడుస్తారు, దీపం పెడతారు. ఏటా ఆయుధపూజ కూడా ఆయనదే. తూకం కాటా, జనరేటరు, ప్రింటరు, వాటితోపాటు సర్వరు. తుడవకుండా బొట్టు పెట్టడం ఆయన ఇంటావంటా లేదు. అందుకని సర్వరు వెనక తీగలన్నీ పీకేసి, పొడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, మళ్లీ తీగలు గుచ్చేవారు. రెండు రంధ్రాలూ కవలపిల్లల్లా ఉంటాయి, ఏ తీగ ఎక్కణ్ణుంచి తీశారో ఎవరికి గుర్తుంటుంది? మావయ్య చేరిన మొదటి ఏడాది చెరువుల తీగ ఆఫీసు వైపుకీ, ఆఫీసు తీగ చెరువుల వైపుకీ వెళ్లిపోయాయి. విజయదశమి పూట ఒక్క చెరువు అంకె కూడా రాలేదు.

సొసైటీ ప్రెసిడెంటు అబ్బులుగారు కోపంతో వచ్చారు. “రేపట్నుంచి లోవరాజుని ఆ గదిలోకి రానివ్వకండి మేస్టారూ. పూజ గుమ్మం దగ్గరే కానిమ్మనండి.”

“గుమ్మానికి పూజ చేస్తే పుణ్యం గుమ్మానికే వస్తాదండి” అన్నారు లోవరాజు, చీపురు వదలకుండానే.

మావయ్య ఇద్దరి మాటా విన్నారు. “పూజ ఎందుకు మానాలండీ? రెండు రంధ్రాలకీ తేడా తెలీకుండా పెట్టుకున్నది మనం. ఆయనదేం తప్పు లేదు” అన్నారు. తరవాతి ఏడాది రంధ్రాల పక్కన చీటీలు అంటించారు. దసరా వచ్చింది, తీగలు మళ్లీ మారాయి. “చీటీలు కనపడలేదండి. పసుపు కొంచెం చిక్కగా పడిపోయింది” అన్నారు లోవరాజు. ఆ రోజు నాకు ఫోను చేసి మావయ్య అన్న మాట నేను మరిచిపోలేను. “మనం అడాప్టరుకి ఒక పేరు పెట్టి, ఆ పేరుని నమ్ముకుని కూచున్నాం అమ్మడూ. పేరు మన గొడవ. తీగకి అవతల ఎవరున్నారో అడిగితే సరిపోద్ది.”

అడిగే స్క్రిప్టు రాశారు. సర్వరు లేవగానే ఉన్న అడాప్టర్లలో ఒకదానికి చెరువుల వైపు అడ్రసు ఇచ్చి, టవరు దగ్గరి పెట్టెని పిలుస్తుంది. పలికితే అది చెరువుల వైపే. పలక్కపోతే ఆ అడ్రసు తీసేసి, రెండోదాన్ని అడుగుతుంది. తీగలు ఎలా గుచ్చినా ఒకటే. ఆ తరవాత వచ్చిన దసరాల్లో తీగలు ఎన్నిసార్లు మారాయో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. ప్రతి వరస పక్కనా, అది ఎందుకుందో తెలుగులో ఒక వాక్యం రాసేవారు. మొదటి వరస పక్కన ఇలా ఉంటుంది: ‘తీగలు మారి ఉండొచ్చు. లోవరాజుగారిని ఏమీ అనవద్దు. ముందు అడగండి.’ నేను పనిచేసే కంపెనీలో వందలమంది స్క్రిప్టులు రాస్తారు. ఒకరికి మర్యాద ఇచ్చిన స్క్రిప్టుని నేను మరెక్కడా చూడలేదు.

ఇక నా తప్పు చెప్పాలి. చెప్పకపోతే మావయ్య గురించి అసలు విషయం చెప్పనట్టే.

రెండేళ్ల కిందట ఆఫీసులో ఇంటర్నెట్టు పెట్టె మారింది. పాత అడ్రసు కొన్నాళ్లే పనిచేస్తుంది, ఆ లోపల ఆఫీసు వైపు అడాప్టరుకి కొత్త అడ్రసు ఇవ్వాలి. “నువ్వు రాసి పంపు. ఆదివారం నేను దగ్గర కూచుని నడుపుతాను” అన్నారు మావయ్య. ఆయన పాత స్క్రిప్టులో తిరుగుదారి అని ఒక భాగం ఉండేది. ఏదైనా మార్చేముందు ఉన్న అడ్రసులన్నీ దాచి, పక్కన విడిగా ఒక గడియారం మొదలవుతుంది. మారిన ఐదు నిమిషాల్లోపల ఎవరో ఒకరు ‘సరే’ అనాలి. అనకపోతే యంత్రం తనంతట తాను పాత అడ్రసులకి వెళ్లిపోతుంది. నాకు ఆ ఐదు నిమిషాలు ముసలివాళ్ల చాదస్తం అనిపించింది. ఆ వరసలు తీసేశాను. ఆదివారం దాకా కూడా ఆగలేదు. శనివారం పొద్దున్న హైదరాబాదులో టిఫిన్ సెంటర్ దగ్గర వరసలో నిలబడి, చేతిలో ఫోనుతో ఉప్పలగుప్తం సర్వరులోకి దూరి, నడిపించేశాను.

నేను దూరింది ఆఫీసు వైపు అడాప్టరు ద్వారా. మార్చింది ఆ అడాప్టరు అడ్రసునే. అడ్రసు మారగానే నా దారి తెగింది. నా దారిని పట్టుకుని నడుస్తున్న స్క్రిప్టు సగంలో చచ్చిపోయింది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం గురించి చిన్నప్పుడు విన్నాను, ఆ రోజు చేసి చూశాను. చెరువుల అంకెలు సర్వరుకి వస్తున్నాయి, సర్వరు మాత్రం బయటికి దారి లేక ఎవరికీ ఫోను చేయలేదు. కోనసీమ అంతా ఆ రోజు మబ్బు పట్టి జల్లు పడుతోంది. ఎండ లేని రోజున పగలు కూడా చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది.

మావయ్యా అత్తయ్యా వాడపల్లి గుళ్లో ఉన్నారు. ఏడు శనివారాల మొక్కులో అది ఏడో శనివారం. ప్రదక్షిణల మధ్యలో ఫోను తీశారు.

“మావయ్యా, ఆఫీసు వైపు పోయింది.”

“పోయిందా, పోగొట్టేవా?”

“పోగొట్టాను.”

“తిరుగుదారి?”

“తీసేశాను.”

“ఆయ్” అన్నారు, మా కోనసీమవాళ్లు ‘అలాగే’ అన్నట్టు. ఆ ఒక్క అక్షరంలో తిట్టు లేదు, నిట్టూర్పు కూడా లేదు. వెంటనే, “రైతుల నంబర్లు నీ ఫోనులో ఉన్నాయి కదా. పై సగానికి నువ్వు చెయ్యి, కింది సగానికి నేను చేస్తాను. మీటరు ఫోను కోసం చూడకండి, గట్టు మీదికెళ్లి కళ్లతో చూసుకోండి, ఇంతే చెప్పు. ఎందుకో చెప్పకు. మన కారణాలు వినే టైము వాళ్లకి లేదు” అన్నారు.

నేను ఫుట్‌పాత్ మీద కూర్చుని ఫోన్లు చేశాను. ఒకాయన, “మీరెవరండీ, హైదరాబాదులో కూచుని నా చెరువు చూసుకోమంటున్నారు? మా ఆవిడ కూడా నన్ను ఇంత తొందరపెట్టదండీ” అన్నాడు. అంటూనే చెప్పులేసుకుంటున్న చప్పుడు వినిపించింది. మావయ్య అత్తయ్యని గుళ్లో వదిలి, ఆటో ఎక్కి, బస్సు ఎక్కి, మళ్లీ ఆటో ఎక్కి, దారి పొడవునా ఫోన్లు చేస్తూ ఉప్పలగుప్తం వచ్చారు. యంత్రం ముందు కూర్చుని పాత అడ్రసులు చేత్తో పెట్టారు. ఏం జరుగుతోందో నాకు తెలియాలని ఫోను తెరిచే పక్కన పెట్టుకున్నారు. అందువల్లే అబ్బులుగారి గొంతు నాకు వినపడింది.

“ఎవరండీ మేస్టారూ ఈ పని చేసింది? ఇంకో గంటయితే నా పంట నీళ్ల మీద ఉండేది. అప్పుడే రెండు మూడు తేలుతున్నాయండి.”

“తప్పు నాదేనండి. తిరుగుదారి లేకుండా నడిచింది” అన్నారు మావయ్య.

అప్పుడు ఇటునుంచి నేను ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ సాయంత్రమే బస్సెక్కి మర్నాడు ఉప్పలగుప్తంలో దిగి, తిన్నగా అబ్బులుగారి చెరువు గట్టు మీదికి వెళ్లాను. తప్పు మావయ్యది కాదు, నాది అని చెప్పాను.

“తెల్సమ్మా” అన్నారాయన, నీళ్లలోంచి చూపు తిప్పకుండా. “మేస్టారు వాడపల్లిలో ప్రదక్షిణలు చేస్తా ఇక్కడ తీగలెలా తెంపుతారు? అంత మహిమే ఉంటే మాకు కోతలు లేకుండా కరెంటు ఇప్పించేవారు.” తరవాత నాకేసి తిరిగి అన్నారు: “ఆయన నాదన్నారని ఆయన్నేమీ అన్లేదు. నువ్వు నీదన్నావు, నిన్నూ ఏమీ అనం. ఆ ఐదు నిమిషాలు మాత్రం మళ్లీ పెట్టెయ్యమ్మా.”

ఇంట్లో అత్తయ్య వడ్డిస్తూ, “ఆరు శనివారాలు స్వామికి, ఏడోది సర్వరుకి. ఫలం ఎవరిస్తారో చూద్దాం” అంది. “చెరిసగం ఇస్తారులే” అన్నారు మావయ్య. మొక్కుని మళ్లీ మొదటి శనివారం నుంచి మొదలుపెట్టారు. ఏడూ పూర్తి చేశారు.

ఆ వారం మావయ్య నన్ను హైదరాబాదు వెళ్లనివ్వలేదు. నా ఫోను తీసుకుని అత్తయ్య బియ్యం డబ్బా మీద పెట్టారు. స్క్రిప్టుని కాగితాల మీద ప్రింటు తీసి నా చేత పైకి చదివించారు. చిన్నపిల్లల ఎక్కాల్లా ఒక్కో వరసా బిగ్గరగా చదవాలి. ప్రతి వరసకీ ఆయన ప్రశ్న ఒక్కటే: “ఇక్కడ కరెంటు పోతే?” ఏడో వరసకి నా సహనం చచ్చింది. “ప్రతి లైనుకీ కరెంటు పోదు మావయ్యా. నువ్వు మరీ చేస్తున్నావు” అని అరిచాను. ఆయన లేచి వెళ్లి మెయిన్ కట్టేశారు. ఫ్యాను ఆగింది. “పోయింది. ఇప్పుడు చెప్పు” అన్నారు. చెమటలు కక్కుతూ చెప్పాను. నేను మార్చిన వరస దగ్గర కరెంటు పోతే ఆ యంత్రానికి పాత అడ్రసూ ఉండదు, కొత్త అడ్రసూ ఉండదు. “మధ్యలో ఎక్కడ ఆగినా బతికుండాలి. అలా రాయడం వచ్చిన రోజున నీకు స్క్రిప్టు వచ్చినట్టు” అన్నారు. ఆయన నాకు చేసిన విద్యాదానం అంతా ఈ రెండు వాక్యాలే. నా చదువుకి పెట్టిన ఏళ్లన్నీ ఒకవైపు, ఆ ఉక్కపోత మధ్యాహ్నం ఒకవైపు.

ఇంకో విషయం ఉంది. ఐదు నిమిషాల్లో ‘సరే’ అనే అధికారం మావయ్య తన దగ్గర పెట్టుకోలేదు, నాకూ ఇవ్వలేదు. లోవరాజుగారికిచ్చారు. ఆయన ఆఫీసు తెర ముందు నిలబడి చెరువుల అంకెలన్నీ ఒక్కొక్కటీ చదివి, వస్తున్నాయని నమ్మకం కుదిరాక మీట నొక్కాలి. ఇదేం విడ్డూరం అంటే, “మార్చినవాళ్లకి అంతా బాగానే కనపడుద్ది అమ్మడూ. చూడాల్సింది వాడుకునేవాళ్లు” అన్నారు. మావయ్యలో లోపాలు లేవని నేను అనను. రెండు వేళ్లతో టైపు చేసేవారు, ఇంకొకళ్లని చేయనిచ్చేవారు కాదు. నేను పంపిన మెసేజీలు రెండు రోజులకి చదివేవారు. నా స్క్రిప్టుల్ని కాగితం మీద ఎర్రసిరాతో దిద్ది, ఫోటో తీసి, తలకిందులుగా పంపేవారు. నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆ ఫోటోలన్నీ నా ఫోనులో ఉన్నాయి, ఒక్కటీ తిన్నగా తిప్పలేదు.

ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందే సొసైటీకి కొత్త సర్వరు వచ్చింది. పాతది ముసలిదైపోయింది. కొత్తదాని మీదికి స్క్రిప్టు మార్చాల్సిన పని మావయ్యది. అట్టపెట్టె విప్పకముందే ఆయన వెళ్లిపోయారు. పెద్దకర్మ అయిన మూడో రోజున కమిటీ కూర్చుంది. సిటీ నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడే. “ఈ స్క్రిప్టుని తరవాత ఎవరు చూస్తారండీ? అడాప్టర్లకి అడ్రసులు చేత్తో పెట్టేస్తాం, గదికి తాళం వేసేస్తాం. పూజ బయట చేసుకుంటే ఇబ్బందే ఉండదు” అన్నాడు. తలలు ఊగాయి. లోవరాజుగారు గుమ్మం దగ్గర నిలబడి నేలకేసి చూస్తున్నారు.

నాకు ఒళ్లు మండింది. లేచాను, ఏదేదో అన్నాను. అన్నదాంట్లో సగం అనకూడనిది.

“కూచోమ్మా” అన్నారు అబ్బులుగారు. “అరిస్తే మేస్టారు గెలవరు. వచ్చే కమిటీ నాటికి కొత్త మిషను మీద నడిపించి చూపించు. నడిస్తే ఉంటాది, లేకపోతే తీసేద్దాం. మా చెరువులు ఎవరి మీదా గౌరవం కోసం ఆగవు కదా.”

ఆ మాట కఠినమైనదే కానీ న్యాయమైనది. వారం రోజులు సెలవు పెట్టాను. మావయ్య ఎనిమిదేళ్ల శ్రమ ఉండటమా, చెరిగిపోవడమా అన్నది ఇక నా చేతిలో ఉంది. కొత్త యంత్రానికి రెండు కాదు, నాలుగు రంధ్రాలు. అడాప్టర్ల రకం వేరు, కొన్ని ఆజ్ఞలు పాత పద్ధతిలో పనిచేయవు. మార్చాల్సినవి మార్చి, ప్రింటు తీసి, ఆయన కుర్చీ ముందు కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో వరస దగ్గర ఆగిపోయాను. ప్రశ్న అడిగే మనిషి లేరు. వంటింట్లోంచి అత్తయ్యని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆవిడకి స్క్రిప్టు తెలియదు. ఆ ప్రశ్న మాత్రం పక్క గదిలోంచి ఏళ్ల తరబడి విని ఉంది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని, నేను చదివిన ప్రతి వరసకీ, “ఇక్కడ కరెంటు పోతే?” అని అడిగింది. నలభై రెండుసార్లు అడిగింది. మూడు చోట్ల యంత్రం బతకదని తేలింది. ఆ మూడూ మళ్లీ రాశాను.

కమిటీ రోజున అందరూ ఆ చిన్న గదిలో ఇరుక్కుని నిలబడ్డారు. లోవరాజుగారిని తీగలు పీకమన్నాను.

“పండగ కాదు కదండీ. ఊరికే పీకితే ఎలా?” అన్నారాయన.

“పండగే అనుకోండి లోవరాజుగారూ” అన్నారు అబ్బులుగారు.

అయితే ఆగండంటూ వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చారు. పొడిగుడ్డ తెచ్చుకున్నారు. తీగలన్నీ పీకి, నాలుగు రంధ్రాలూ శ్రద్ధగా తుడిచి, చేతికి అందిన చోట గుచ్చారు. ఎక్కడ గుచ్చారో నేను చూడలేదు, చూడకూడదని గోడకేసి తిరిగి నిలబడ్డాను. కంపెనీ మనిషే యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు. కొంతసేపటికి ఆఫీసు తెర మీద మొదటి చెరువు అంకె వచ్చింది, తరవాత రెండోది, తరవాత అన్నీ. లోవరాజుగారు కళ్లజోడు పెట్టుకుని ప్రతి చెరువు పేరూ అంకే పైకి చదివారు. ఎక్కడా తొందరపడలేదు. చివరిది చదివాక మీట నొక్కి, “సరేనండి” అన్నారు.

స్క్రిప్టు ఉంటుందని కమిటీ తీర్మానించింది. యంత్రాన్ని కంపెనీవాళ్లు చూస్తారు. స్క్రిప్టు బాధ్యత నాది. నెలకోసారి వచ్చి చూసుకుంటానని కాగితం మీద సంతకం పెట్టాను. నా కోపం గురించి ఈ సొసైటీలో అందరికీ తెలుసు. నా పట్టుదల గురించి కూడా ఇకమీదట తెలుస్తుంది.

అందరూ వెళ్తుంటే కంపెనీ మనిషి నా పక్కకి వచ్చాడు. వెటకారం లేకుండానే అడిగాడు. “బాగా రాశారండీ ఆయన. ఒక్కటి అర్థం కాలేదు. టవరుని పిలిచేముందు నలభై సెకన్లు ఎందుకు ఆగుతోంది?”

ఇరవై ఆరో వరస. నలభై సెకన్లు ఆగు అని మాత్రమే ఉంది. ప్రతి వరసకీ పక్కన కారణం రాసిన మనిషి, ఈ ఒక్కదాని పక్కన ఏమీ రాయలేదు. తెలియదని చెప్పాను. అబ్బులుగారు విని, “కాఫీ తాగడానికి పెట్టుకుని ఉంటారులే” అన్నారు. లోవరాజుగారు, “దండ సర్దుకోడానికి నాకోసం పెట్టేరేమోనండి” అన్నారు. ఆ మధ్యాహ్నం ఇరవై సెకన్లు పెట్టి చూశాను, పనిచేసింది. పది పెట్టి చూశాను, పనిచేసింది. పాత యంత్రం మీదికి వెళ్లి చూశాను, అక్కడా పనిచేసింది. ఆయన నోటు పుస్తకాలన్నీ వెతికాను. అత్తయ్యని అడిగాను. “నాకేం తెలుసే. ఆయన్నే అడగాల్సింది” అంది.

రెండేళ్లపాటు దాదాపు రోజూ ఆయనతో ఫోనులో మాట్లాడాను. ఎన్ని వాదించానో, ఎన్ని అడిగానో. ఇది అడగలేదు. ఏ ఉప్పుగాలి రోజున, ఏ టవరు దగ్గర, ఏ పెట్టె నిద్రలేవడానికి నలభై సెకన్లు పట్టడం ఆయన కళ్లారా చూశారో, ఆ జ్ఞానం ఆయనతోనే పోయింది. ఒక మనిషి పోతే లోకానికి తీరని లోటు అని అంటుంటారు. ఆ లోటు ఎంతో నాకు ఇప్పుడు కచ్చితంగా తెలుసు. ఒక వరస అంత. దాన్ని పూడ్చగలవాళ్లు ఈ భూమి మీద ఎవరూ లేరు.

ఆ వరసని నేను తీయలేదు. నలభైని నలభైగానే ఉంచాను. తిరిగి వెళ్లేరోజు బస్సుకి ఇంకా టైముండగా సర్వరు ముందు కూర్చుని, ఇరవై ఆరో వరస పక్కన తెలుగులో ఇలా రాశాను: ‘ఎందుకో సూరిబాబుగారికి తెలుసు. నాకు తెలిసేదాకా ఎవరూ తీయవద్దు.’